పలుకు విడిచిన గోధుమలు

"వదినా, గోధుమలు పలుకు విడిచినియ్యని ఆ రోజు అన్నయ్య అన్నది నిన్నే."

"ఆ ముక్క నువ్వు చెబితే గాని నాకు తెలవదా?"

ఆవిడా నేనూ మాట్లాడుకున్న చివరి మాటలు ఇవే. ఆవిడ గ్రీసు దేశంలో ఆసుపత్రి మంచం మీద ఉంది. నేను ఇక్కడ బహ్రెయిన్లో, జిదాఫ్స్‌లోని మా గది గుమ్మంలో నిలబడి ఉన్నాను. ఆవిడ ఇంకేదో అనబోయింది, దగ్గు అడ్డమొచ్చింది, ఫోను తెగిపోయింది. మళ్ళీ చేస్తుందిలే అనుకున్నాను. చెయ్యలేదు. ఆవిడ పోయిందని ఆవిడ పనిచేసే ఇంటి మేడమ్ మన సంఘపెద్దగారికి ఫోను చేసి చెప్పింది.

రాసుకో అమ్మడూ. నేను చెప్పింది చెప్పినట్టు రాయి. నువ్వు చదువుకున్న పిల్లవి కాబట్టి మధ్యలో చెయ్యి దురద పెడుతుంది. అక్షరాలు సరిచెయ్యి, మాటల జోలికి మాత్రం పోకు. నాకు సంతకం చెయ్యడం వచ్చు, పాటల పుస్తకంలో పెద్దక్షరాలు కూడబలుక్కోవడం వచ్చు. అంతకుమించి రాదు గనక నిన్ను కూర్చోబెట్టాను.

ఈ శుక్రవారం మన తెలుగు సహవాసంలో ఆవిడ జ్ఞాపకార్థ కూడిక పెట్టారు. ఆవిడ గురించి నాలుగు మాటలు ఎవరు చెబుతారని సంఘపెద్దగారు అడిగితే అందరూ నా వైపే చూశారు. ఆవిడంటే నాకు పడదని అందరికీ తెలుసు. తెలిసే చూశారు. ఆవిడని ఇష్టపడ్డవాళ్ళు నిలబడితే ఏడుస్తారు గాని చెప్పలేరని కాబోలు. మా అన్న కూతురు రాస్తుంది, అదే చదువుతుందని చెప్పి ఒప్పుకున్నాను.

పేరు రాయకు. ఆవిడ ఉన్నన్నాళ్ళూ నేను ఆవిడని పేరు పెట్టి పిలవలేదు, ఇప్పుడు కొత్తగా మొదలుపెట్టను. కూడికలో వాళ్ళందరూ ఆవిడని గ్రీకావిడ అనేవారు. నిజానికి నరసాపురం వైపు మనిషి, మా ఊరికి కాలవ అవతల. మొగుడు వదిలేసి పోయాడు, పిల్లలు లేరు. మా ఆయన్ని అన్నయ్యా అనేది కాబట్టి నేను వదిననయ్యాను. నన్ను అడిగి కాలేదు.

నాకు ఆవిడంటే కుళ్ళు. కుళ్ళు అనే రాయి, అసూయ అని రాయకు. అసూయ చదువుకున్నవాళ్ళకి ఉంటుంది.

అది ఎలా మొదలైందో చెబుతాను. అప్పట్లో నేను జింజ్‌లో ఒక అరబ్బుల ఇంట్లో వంట చేసేదాన్ని. ఎదురు ఫ్లాటులో గ్రీకు దేశం వాళ్ళు ఉండేవారు. ఆయన మీనా సల్మాన్ రేవులో ఓడలు బాగుచేయించే ఇంజినీరు. ఒక రంజాను నెలలో ఆ మేడమ్ మా ఇంటికి విందుకొచ్చింది. నేను చేసిన ద్రాక్షాకు చుట్టలు తింది. లేత ద్రాక్షాకులో బియ్యం, కైమా పెట్టి, మన చుట్ట చుట్టినట్టు చుట్టి, నిమ్మరసం పోసి ఉడికిస్తారు. అరబ్బులకి అది రోజూ ఉండే వంటకం. మేడమ్ వంటింట్లోకి వచ్చి నా చేతులు పట్టుకుంది. మా అత్తగారు చేసినట్టే ఉన్నాయంది. ఎండాకాలం వాళ్ళు సెలవులకి సొంత ఊరు వెళతారట, అదొక దీవి అట, అత్తగారు ముసలిదైపోయిందట, సాయానికి నన్ను తీసుకువెళతానంది.

నేను ఓడ కూడా ఎక్కని మనిషిని. విమానంలో ఇక్కడికి వచ్చినప్పుడు కళ్ళు మూసుకుని కూర్చున్నాను. అయినా సరేనన్నాను. ఆ రాత్రి మా ఆయనకి చెబితే ఆయన వెల్డింగు మచ్చలు పడ్డ చేతులు తుడుచుకుంటూ, వెళ్ళు, వెళ్ళొచ్చి ఎలా ఉందో చెబుదువుగాని అన్నాడు. చెబుదువుగాని అన్నాడమ్మడూ. అది గుర్తుపెట్టుకో.

కఫీల్ ఒప్పుకోలేదు. నన్ను పనికి తెచ్చుకున్న యజమాని ఆయన, పాస్‌పోర్టు ఆయన బీరువాలో ఉంటుంది. ఈవిడ వెళితే మా అమ్మకి వంటెవరు చేస్తారని అడిగాడు. ఖలాస్ అన్నాడు. అంటే అయిపోయింది, ఇంక మాట్లాడకు అని. మేడమ్ పాపం రెండోసారి కూడా అడిగి చూసింది. చివరికి మీవాళ్ళలో ఎవరైనా ఉన్నారా అని నన్నే అడిగింది. అప్పుడే పని పోయి మా పక్క గదిలో చాప మీద పడుకుని ఉన్న మనిషి ఒకతి ఉంది. నేనే చూపించాను.

అలా నా ప్రయాణం ఆవిడ కాళ్ళ మీద వెళ్ళింది.

ఎండలు తగ్గాక తిరిగొచ్చింది. మొదటి శుక్రవారం ఆరాధన అయ్యాక భోజనాల దగ్గర అందరూ చుట్టూ చేరారు. కుర్చీలు ఉన్నా ఆవిడ ఎప్పుడూ నేల మీదే కూర్చునేది, ఒక మోకాలు పైకి పెట్టి. చెప్పబోయే ముందు కుడిచేతి వేళ్ళు ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసుకునేది, ఎడమ కన్ను మూసి. అక్కడి తిండి వాసన ఇంకా వేళ్ళకి ఉన్నట్టు. అమ్మడూ, ఆ వేళ్ళకి ఉన్నది నేను తెల్లారగట్ల లేచి వండిన కోడికూర వాసన. నా కూర వాసన చూసుకుంటూ ఆవిడ వేరే దేశం కూర గురించి చెప్పేది. అది నాకు ఒక్కదానికే తెలుసు.

కాని చెప్పడం వచ్చు. ఆ మాట కూడా రాయి. ఆవిడ చెబుతుంటే ఆకలి తీరిన కడుపులు మళ్ళీ ఖాళీ అయ్యేవి.

అక్కడ నూనె పొయ్యరట, వంచుతారట. పచ్చటి నూనె, గొంతులో దిగేటప్పుడు మిరియం గింజలాగా గీరుతుందట. ఆ నూనె తీసే కాయ చెట్టు మీద కోసి కొరికితే వేపకాయ నయమట, అదే కాయ ఉప్పునీళ్ళలో ఊరాక మేడమ్ అత్తగారు, ఆ ముసలమ్మ, ఆవిడ పళ్ళెంలో గుప్పెడు పోస్తే గింజలు ఉమ్మడానికి చోటు చాల్లేదట. తెల్లటి ముక్క ఒకటి పెడితే జున్ననుకుని, తీపి కోసం నోరు తెరిచి వేసుకుందట. ఉప్పు. "తీపికని తెరిసిన నోరండీ, మూత్తే ఉప్పు, ఉమ్మితే మర్యాద కాదు. కళ్ళంట నీళ్ళొచ్చేసినియ్యి. ముసలమ్మేమో నాకు అమ్మ గుర్తొచ్చిందనుకుని ఇంకో ముక్క పెట్టింది" అనేది. జనం పడి పడి నవ్వేవారు. ఆ ముక్క లేనిదే రెండు వారాలయ్యేటప్పటికి ముద్ద దిగలేదట.

ఎనిమిది కాళ్ళ సముద్రపు జంతువుని రాతి మీద చాకలి బట్ట ఉతికినట్టు ఉతికి, తీగ మీద తడి లుంగీ ఆరేసినట్టు ఆరేస్తారట. నిప్పుల మీద కాల్చి నిమ్మకాయ పిండితే రొయ్య తీపి ఉంటుందట. మన నెత్తళ్ళలాంటి చిన్న చేపలు తలతో సహా వేయించి పెడితే, ఆవిడ తలలు తీసి పక్కన పెట్టకుండా నమిలిందని ఊళ్ళో అందరికీ చెప్పి మెచ్చుకున్నారట. కొండ వాలులో ముసలివాళ్ళు సంచీలు పట్టుకుని ఆకుకూర ఏరుకుంటారట, గలిజేరాకులాంటిది, ఉడకబెట్టి పిండి అదే నూనె వంచి తింటారట. కారమనేది లేదు. ఇక్కడి నుంచి డబ్బాడు కారం తీసుకుపోయింది. మొదట్లో పక్కకి తిరిగి చల్లుకునేదట. తర్వాత తర్వాత డబ్బా తియ్యడం మర్చిపోయిందట. ఆ డబ్బా సగం కూడా ఖాళీ కాకుండా తెచ్చి మాకు చూపించింది. కారం లేని కూర తిన్న మనిషిని చూసి మా ఆయన, అంటే ఆ కూరకి ఇంకేదో ఉండాలి కదా అన్నాడు.

అన్నిటికంటే వింత ఆ గుడ్డు చారు. కోడి ఉడికించిన నీళ్ళలో గుడ్డు, నిమ్మరసం కలిపి పోస్తారట. నేను ఊరుకోలేక అడిగాను.

"పులుపు తగిలితే గుడ్డు విరగదా?"

"విరక్కుండా ముసలమ్మ ముద్దు పెడతాదొదినా."

"చారుకా?"

"చారుకే. పోత్తా పోత్తా ఇలాగ" అని పెదాలు ముందుకు చాపి, గాలిలో ముద్దు చప్పుడు చేసింది. ఆ చప్పుడు వింటే చారు విరగదని అక్కడి ఆడవాళ్ళ నమ్మకమట. ఒకసారి చేసి ఊరుకోలేదు. సంఘపెద్దగారి భార్య సిగ్గుపడి కొంగు నోటికడ్డం పెట్టుకుంది. మా ఆయన నవ్వాడు. గట్టిగా, వెనక్కి వాలిపోయి, పొలమారేలా. పెళ్ళయినప్పటి నుంచి ఆయన అలా నవ్వడం నేను చూడలేదు. ఆ నవ్వు ఆయనలో ఉందని కూడా నాకు తెలియదు.

ద్రాక్షాకు చుట్టల గురించి చెప్పినప్పుడు మాత్రం నాకు ఒళ్ళు మండింది. పందిరి మీద నుంచి లేతాకు కోసి, ఉప్పునీళ్ళలో వాడ్చి, బియ్యం పెట్టి చుట్టి, అబ్బో, పెద్ద కథ. నేను రోజూ జింజ్‌లో చేసేది అదే కదా అన్నాను. నా చేతి గోళ్ళు చూపించాను, ఆకు పసరుతో నల్లబడి ఉన్నాయి. అందరూ తలలు ఊపి మళ్ళీ ఆవిడ వైపు తిరిగారు. నేను ఇక్కడ చుడితే అది డ్యూటీ. ఆవిడ నోట్లో అదే చుట్ట సముద్రం దాటి వచ్చింది.

ఇంటికి వెళుతూ బస్సులో ఆయన, ఆ ఎనిమిది కాళ్ళదాన్ని ఎండేశాక కూడా మెత్తగా ఉంటుందంటావా అని నన్నడిగాడు. నాకేం తెలుసు, వెళ్ళినదాన్ని అడుగు అన్నాను. వచ్చే శుక్రవారం అడిగాడు.

ఆయన గురించి చెప్పకపోతే ఇది అర్థం కాదు. మా ఆయన చెడ్డవాడు కాదు. తాగడు, కొట్టడు. తిండి దగ్గర మాత్రం మిల్లు కూత విన్న కూలీలా ఉండేవాడు. పళ్ళెం పెట్టాక తల ఎత్తకుండా తిని, చెయ్యి కడుక్కుని లేచిపోయేవాడు. పులస కాదు గాని ఇక్కడ దొరికే హమూరు చేపతో నేను పెట్టిన పులుసుకి పక్క గదుల మలయాళీలు కూడా గిన్నెలు పట్టుకుని వచ్చేవారు. ఈయన ఒక్కనాడు బాగుందనలేదు, బాగాలేదనీ అనలేదు. ఉప్పు ఎక్కువైనా అదే తినడం, తక్కువైనా అదే తినడం. కొత్తలో అడిగేదాన్ని. తిన్నాను కదా అనేవాడు. తర్వాత అడగడం మానేశాను.

అలాంటి మనిషి మారాడు. ఆ దీవిలో వాళ్ళు భోజనం అయ్యాక వెంటనే లేవరని, పళ్ళేలు తియ్యకుండా తీగ పందిరి కింద కూర్చుని పొద్దు వాలేదాకా మాట్లాడుకుంటారని ఆవిడ చెప్పింది. చివర్లో రొట్టె ముక్కతో పళ్ళెం అంతా తుడిచి ఆ ముక్క తింటారట. వండినమ్మకి అదే దండమట. ఒకరోజు నేను పులుసు పెట్టాను. ఆయన తిన్నాడు. లేవలేదు. ఖుబ్బూస్ రొట్టె ఒకటి ఉంటే తుంచి, పళ్ళెంలో పులుసంతా తుడుచుకుని తిని, గోడకి ఆనుకుని కూర్చున్నాడు. ఈ గోడకే. ఏదైనా చెప్పు అన్నాడు.

ఏం చెప్పను? నాకు చెప్పడం రాదు, వండడం వచ్చు. కఫీల్ తల్లి మోకాళ్ళ నొప్పుల గురించి చెప్పాను. ఆయన విన్నాడు. ఆ తర్వాత రోజూ తిన్నాక కాసేపు కూర్చునేవాడు. నా పళ్ళెం ముందు, నా పక్కన. సంతోషపడాలి కదా? ఆ కూర్చోవడం ఆవిడ నేర్పింది. నా పులుసు ఇన్నేళ్ళూ చెయ్యలేనిది ఆవిడ మాట చేసింది. ఆయన పక్కన కూర్చుంటే నాకు ఆవిడ కూడా కూర్చున్నట్టే ఉండేది.

ఇంక గోధుమల సంగతి.

అక్కడి గుడిలో, అంటే వాళ్ళ చర్చిలో, ఒక ఆదివారం పెద్ద తట్ట పెట్టారని ఆవిడ ఎప్పుడూ చెప్పేది. తట్టలో ఉడికిన గోధుమలు, దానిమ్మ గింజలు, కిస్‌మిస్, బాదం, నువ్వులు. పైన తెల్లటి పంచదార పొడి సున్నం పూసినట్టు నున్నగా పరిచి, వెండి రంగు చక్కెర గుళ్ళతో సిలువ దిద్దారట. మధ్యలో కొవ్వొత్తి. పాదిరిగారు పాడి ప్రార్థన చేశాక చిన్న చిన్న సంచుల్లో అందరికీ పంచారట. ఆవిడకీ ఒకటి ఇచ్చారు. ఒక్కో పలుకు నోట్లో చిట్లుతుంటే పరలోకం కనబడిందని చెప్పేది. ఆ భాష రాదు కాబట్టి ఎందుకని అడగలేదు. అందరూ నల్ల బట్టలు కట్టుకున్నారు గాని ఆ ఊళ్ళో ముసలమ్మలు రోజూ నల్ల బట్టలే కడతారు. సిలువ ఉంది, తీపి ఉంది, కొవ్వొత్తి ఉంది. మనవాళ్ళకి ఇంకేం కావాలి? పండగ ప్రసాదమని ఆవిడ అనుకుంది, ఆవిడ చెప్పిన మేమందరం అనుకున్నాం.

సంఘపెద్దగారి మనవరాలి మొదటి పుట్టినరోజు వచ్చింది. కేకు అందరూ కోస్తారు, మనం ఆ సిలువ తీపి చేయిద్దామని ఆయన భార్య అంది. ఎవరు చేస్తారు? ఆవిడ చెబుతుంది, నేను చెయ్యాలి. ఆవిడకి వంట సరిగా రాదన్న సంగతి పక్క గదిలో ఉన్నదాన్ని నాకు తెలుసు. అన్నం కూడా అడుగంటించేది. నాలుక ఉంది గాని చెయ్యి లేదు.

నేను చేశాను. ముందు రోజే నానబెట్టి, చిటికెడు ఉప్పేసి ఉడకబెట్టి, గింజ పగలబోయే ముందు దింపి వార్చాను. తడి ఉంటే పంచదార కరిగిపోతుందని ఆవిడ చెప్పలేదు, నేనే ఆలోచించాను. పులిహోరకి అన్నం ఆరబోసినట్టు తెల్ల గుడ్డ మీద పలచగా ఆరబోశాను. పంచదార కింద ఏదో వేయించిన పిండి వాసన వచ్చిందని ఆవిడ వేళ్ళు ముక్కు దగ్గర పెట్టుకుని గుర్తు చేసుకుంది. వేయించిన శనగపప్పు పొడి చేసి పరిచాను. దాని మీద పంచదార ఆరిన గోడలా నిలబడింది. సిలువ ఆవిడ దిద్దింది. వెండి గుళ్ళు ఒక్కొక్కటీ పెడుతూ నాలుక బయటపెట్టి, చిన్నపిల్లలాగా. తట్టని హాల్లో బల్ల మీద పాప ముందు పెట్టారు. మధ్యలో కొవ్వొత్తి వెలిగించారు. ఎంత బాగా చేయించావమ్మా అని అందరూ ఆవిడనే అన్నారు. చేయించావట.

ప్రార్థన అయింది, అక్కడిలాగే చిన్న సంచుల్లో పంచడం మొదలైంది. అప్పుడు వచ్చింది గ్రీకు మేడమ్. ఆవిడనీ పిలిచారు. చేతిలో బొమ్మ పెట్టె పట్టుకుని నవ్వుతూ వచ్చి, తట్ట చూసి ఆగిపోయింది. తట్ట వెనక బల్ల మీద తెల్ల గౌనులో పాప, మధ్యలో కొవ్వొత్తి. మేడమ్ మొహంలో నెత్తురు లేదు. కుడి నుంచి ఎడమకి సిలువ వేసుకుని, గబగబా వచ్చి ఆ కొవ్వొత్తి వేళ్ళతో నలిపి ఆర్పేసింది. మన గ్రీకావిడ చెవి దగ్గర ఇంగ్లీషులో ఏదో చెప్పింది.

అందరూ ఏమందని అడుగుతున్నారు. ఆవిడ ఏదైనా చెప్పి తప్పించుకోవచ్చు. కథలు చెప్పడం వచ్చిన మనిషి. నేల వైపు చూస్తూ చెప్పింది.

"అయ్యగారూ, నాకు తెలవక జరిగింది. ఇది పోయినోళ్ళ పేరు మీద పంచేదంట. బతికున్నోళ్ళకి చెయ్యరంట."

సంఘపెద్దగారి భార్య పాపని లాక్కుని గుండెలకి అదుముకుంది. నోట్లో వేసుకున్నవాళ్ళకి మింగాలో ఉమ్మాలో తెలియలేదు. ఎవరో సంచీ కింద పెట్టారు. ఒకరి తర్వాత ఒకరు పెట్టేశారు. బల్ల వెనక నేనూ ఆవిడా పక్కపక్కనే నిలబడి ఉన్నాం, గరిటె నా చేతిలో ఉంది. నిజం చెబుతున్నాను, నాకు లోపల చల్లగా ఉంది. ఇంక ఈవిడని కథ చెప్పమని ఎవరూ అడగరు అనుకున్నాను.

మా ఆయన లేచాడు. పళ్ళెం పట్టుకుని బల్ల దగ్గరికి వచ్చి చాపాడు. పెట్టాను. నిలబడే తిన్నాడు. మెల్లగా, ఒక్కో గింజ నములుతూ. హాలంతా ఆయన నమలడం చూస్తోంది. పోయినవాళ్ళకి ఇంత మంచిది పెడుతున్నారంటే వాళ్ళని మర్చిపోలేదన్నమాట అన్నాడు. అడుగున ఉన్న పొడి కూడా వేలితో తుడిచి నాకాడు. తర్వాత తల ఎత్తకుండా, పళ్ళెంలోకి చూస్తూ అన్నాడు.

"గోధుమలు బాగా పలుకు విడిచినియ్యి."

ఎన్నేళ్ళు కనిపెట్టుకుని ఉన్నానో ఆ మాట కోసం. ఏమనాలో తేల్చుకునేలోపు నా పక్క నుంచి వినిపించింది.

"ఆయ్ అన్నయ్యా."

తీసేసుకుంది. నా చేతిలో పడబోయే చేప ముక్కని పక్కనుంచి గద్ద తన్నుకుపోయినట్టు తీసేసుకుంది. ఆయన తల ఎత్తి మా ఇద్దరి మధ్యలోకి చూసి నవ్వి వెళ్ళిపోయాడు.

ఆ మాట ఎవరితో అన్నాడు? ఇంటికి వచ్చాక అడగలేదు. అడిగి చెప్పించుకుంటే అది మెచ్చుకోలెలా అవుతుంది? మళ్ళీ అంటాడులే, అప్పుడు పక్కన ఆవిడ ఉండదులే అనుకున్నాను. మరుసటి ఏడు ఎండల్లో పనిలోనే గుండె పట్టుకుని కూలబడ్డాడు. ఆసుపత్రికి తీసుకువెళ్ళేసరికి లేడు.

చచ్చినవాళ్ళ తిండి తిన్నాడు, అందుకే పోయాడని కూడికలో గుసగుసలు వచ్చాయి. నా ముందే ఒకావిడ అనేసింది. నా చేత్తో ఉడకబెట్టిన గోధుమ మనిషిని చంపదు, నోరు మూసుకో అన్నాను. గ్రీకావిడని వెనకేసుకురావడానికి అన్నానని అందరూ అనుకున్నారు. ఆవిడ కూడా అలాగే అనుకుని నా చెయ్యి పట్టుకుంది. నేనన్నది నా గోధుమల కోసం.

ఆయన జ్ఞాపకార్థ కూడిక రోజున ఆవిడ గిన్నె పట్టుకుని వచ్చింది. ఈసారి తెలిసే చేసింది. పైన పంచదార, సిలువ. నన్ను సాయం అడగలేదు, అంతా తనే ఉడకబెట్టింది. మూత తీస్తే పంచదార కరిగి నీళ్ళు కారుతోంది, సిలువ ఒక పక్కకి జారింది. లోపల ముద్ద. గోధుమ జావ అనవచ్చు. ఆవిడ వేళ్ళు వాసన చూసుకుని, అక్కడ వచ్చిన వాసన రాలేదొదినా అని ఏడ్చింది. నేనూ ఏడుస్తూనే ఉన్నాను గాని ఆ ఏడుపులో ఒక మూల కొంచెం ఊరట కలిగింది. తెలిసిందా ఇప్పుడు పలుకు విడిపించింది ఎవరో అనిపించింది. తిన్నాను. గిన్నె తుడిచి తిన్నాను. ఆయన కోసం చేసింది కదా, పారబోస్తానా.

ఆ తర్వాత గ్రీకు వాళ్ళు ఇక్కడ ఉద్యోగం మానేసి సొంత దీవికి వెళ్ళిపోతూ ఆవిడని తీసుకుపోయారు. పండగకి ఫోను చేసేది. ఏం తిన్నావని నేను అడగకుండానే చెప్పేది. నేను వినేదాన్ని. పెట్టేశాక గదిలో ఒక్కదాన్నే కూర్చుంటే నోట్లో నీళ్ళు ఊరేవి, దానికి కూడా ఒళ్ళు మండేది.

చివరి ఫోనులో ఆ మాట అంది. అన్నయ్య అన్నది నిన్నే అని. అప్పటి నుంచి నాకు నిద్ర సరిగా లేదు. ఆ రోజు నాదని తెలిసే ఆయ్ అని తీసేసుకుందా? అయితే దొంగ. లేక ఆవిడకీ తెలియక, పోయే ముందు పాపం వదిన అని నాకు పారేసి పోయిందా? అయితే అది ధర్మం. రెండూ నాకక్కర్లేదు. నా మొగుడు నన్ను మెచ్చుకున్న ఒక్క మాట కూడా ఆవిడ నోటి మీదుగానే నాకు రావాలా? చెప్పు.

ఆవిడని అక్కడే పూడ్చారు. ఆ ఇంటివాళ్ళు చర్చిలో తట్ట పెట్టిస్తారట, మేడమ్ చెప్పింది. పెరట్లో దానిమ్మకాయలు కోసి, ఆ ఊరు ఊరంతా ఆవిడ పేరు మీద గోధుమలు తింటారట. మొగుడు లేడు, పిల్లలు లేరు, తెల్లతోలు ముసలమ్మలు ఆవిడ కోసం పంచదార పరుస్తున్నారు. నాకెవరు చేస్తారు అమ్మడూ? నీకు కుక్కరు ఈలలు కూడా గుర్తుండవు.

అందుకే పొద్దున్న గోధుమలు నానబెట్టాను. అదిగో, పొయ్యి మీద ఉన్నాయి. పగలబోయే ముందు దింపాలి, నాకు చెప్పు మర్చిపోతే. శుక్రవారం తట్ట నేను తీసుకువెళతాను. దీవిలో వాళ్ళు చేసిన దానికంటే బాగా రావాలి. ఆవిడ తింటే తెలిసేది. తిని ఎవరికో చెప్పేది, వేళ్ళు వాసన చూసుకుంటూ. నా వంట గురించి ఆవిడ ఎక్కడా చెప్పలేదని అనుకునేదాన్ని. ఆ దీవిలో ముసలమ్మకి నా పులుసు గురించి చెప్పేదట, మేడమ్ అంది. ముసలమ్మకి నోరూరేదట. ఇది రాయాలా అంటే, రాయి. నేను వినని చోట చెప్పింది, చూడు. అందులో కూడా నాకు అన్యాయమే.

ఇక చాలు. మంట తగ్గించి వచ్చి కూర్చో. మొదటి నుంచి చదువు, విందాం. ఆవిడ చెప్పినట్టు చదవాలి, గబగబా చదివితే నోరూరదు. ఆయన మాట వచ్చే చోట ఇంకొంచెం ఆగు. ఆయన పళ్ళెంలోకి చూసి అన్నాడు. నువ్వు మాత్రం ఆ మాట నా వైపు చూసి చదువు.